ఖాసీ కొండల్లో నిట్టనిలువు గుహను కొలిచి నమోదు చేయడం ఎలా?

బొర్రా గుహలు గానీ, బెలూం గుహలు గానీ చూసొచ్చినవాళ్లకు గుహ అంటే నడుచుకుంటూ తిరిగే చోటు. మేఘాలయలో అన్నీ అలా ఉండవు. ఖాసీ కొండల దక్షిణపు వాలు మీద, సొహ్రా (చిరపుంజి), షెల్లా వైపు సున్నపురాతి అడవిలో నడుస్తుంటే ఆకుల మధ్య నేల ఒక్కసారిగా నూతిలా తెరుచుకునే చోట్లు ఉంటాయి. ఖాసీలో గుహను ‘క్రెమ్’ అంటారు. అలాంటి నిలువు క్రెమ్‌లలో కొన్నిటి నోరు ఊళ్లో అందరికీ తెలుసు, అడుగు ఎలా ఉంటుందో మాత్రం కాగితం మీద ఎక్కడా ఉండదు.

దిగి వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: “తాడు వేసి దిగాం, జీపీఎస్ పాయింటు తీశాం, ఫొటోలున్నాయి. నమోదు చేసినట్టేనా?” కాదు. మీరు పక్కన లేకుండా, మీ నోట్సు మాత్రమే పట్టుకుని మరో జట్టు వెళ్లి, అదే గుహను కనుక్కుని, అదే అడుగుకు దిగి, మీ అంకెల్ని సరిచూడగలగాలి. అప్పుడే అది నమోదు. కింద చెప్పే పనులన్నీ ఆ పరీక్షలో నెగ్గడానికే.

ముందుగా ఒక హెచ్చరిక. తాడు మీద ఎక్కడం, దిగడం ఈ వ్యాసం చదివి నేర్చుకునేది కాదు. ఒంటి తాడు పద్ధతిలో రీబిలే (తాడును మధ్యలో మళ్లీ రాతికి బిగించిన చోటు) దాటడం, దిగుతూ మధ్యలో ఆగి మళ్లీ పైకి ఎక్కడం, తాడు మీద స్పృహ తప్పిన మనిషిని కిందికి దించడం, ఈ మూడూ బయట చెట్టుకో కొండచరియకో పదేపదే సాధన చేసినవాళ్లే లోపలికి దిగాలి. కొలతలు తీసేటప్పుడు చేతులూ ధ్యాసా రెండూ పరికరం మీదే ఉంటాయి, కాబట్టి తాడు పని ఆలోచించకుండానే జరిగిపోవాలి.

ఏమేం కావాలి

మనుషులు ఐదుగురు. తాడు కట్టుకుంటూ ముందు దిగేవారు ఒకరు, పరికరం పట్టేవారు ఒకరు, బొమ్మ గీసేవారు ఒకరు, స్టేషన్లు, అంటే ఒక్కో కొలత మొదలయ్యే, ఆగే చుక్కలు, గుర్తించేవారు ఒకరు. ఐదో మనిషి పైన గుహ నోటి దగ్గరే ఉండాలి. వాతావరణం చూడడం, గడువు దాటితే కబురు పంపడం ఆయన పని. ఊరి నుంచి వచ్చిన మనిషైతే మరీ మంచిది.

తాడు: 9 నుంచి 10.5 మిల్లీమీటర్ల స్టాటిక్ తాడు. సాగే క్లైంబింగ్ తాడు ఈ పనికి పనికిరాదు. కొత్త తాడు నానితే పొట్టిదవుతుంది, కొన్ని రకాలు పదో వంతు దాకా. 60 మీటర్లని కొన్న తాడు 55 మీటర్లే ఉండొచ్చు. వాడకముందే నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ కొలిచి, చివర పొడవు రాసుకోండి. ప్రతి తాడు అడుగు కొసన ముడి వేసే ఉండాలి. ఆ ముడి లేక, తాడు చివర దాటి జారిపడి చనిపోయినవాళ్లున్నారు.

కొలతకు: డిస్టోఎక్స్2 లాంటి లేజర్ పరికరం. ఇది లైకా డిస్టో ఎక్స్310లో బోర్డు మార్చి తయారుచేసినది. దూరం, దిశ, వాలు మూడూ ఒక్క మీటతో ఇస్తుంది. దాని జతగా టోపోడ్రాయిడ్ యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోను. ఇది దొరకకపోతే సూంటో దిక్సూచి, వాలు కొలిచే క్లైనోమీటర్, 50 మీటర్ల ఫైబర్ టేపు. పని నెమ్మదిగా సాగుతుంది గానీ ఫలితం గౌరవంగానే వస్తుంది. ఏది వాడినా తడిసినా చెదరని కాగితం, పెన్సిళ్లు, పావుకిలో బరువు కట్టిన సన్న తాడు, అరచేతంత తెల్ల ప్లాస్టిక్ అట్ట తప్పనిసరి. ఫోను తడిసి ఆగిపోయిన రోజున ఆ కాగితమే మీ సర్వే.

ఇంకా కార్బన్ డయాక్సైడ్ మీటరు, మనిషికి మూడేసి లైట్లు, ఎన్95 మాస్కులు, విజిల్.

1. ఎప్పుడు వెళ్లాలి

నవంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా. మౌసిన్‌రామ్, సొహ్రాల్లో ఏటా 11,000 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. చాలా భాగం జూన్-సెప్టెంబరు మధ్యే అయినా, మార్చి చివర నుంచే ఉరుముల వానలు మొదలవుతాయి. పైన అరగంట గట్టి వాన పడితే నిలువు గుహ జలపాతమైపోతుంది, తాడు సరిగ్గా ఆ జలపాతం కిందే ఉంటుంది. దిగే ముందు గోడల మీద ఎండుటాకులు, పుల్లలు ఎంత ఎత్తున అతుక్కుని ఉన్నాయో చూడండి. వరద అంత ఎత్తుకు వచ్చిందని అర్థం.

2. అనుమతి, పేరు

ఖాసీ కొండల్లో నేల ఎక్కువ భాగం అటవీ శాఖది కాదు. వంశాలది, ఊరి సముదాయానిది, లేదా ఒక కుటుంబానిది. మొదట ఊరి పెద్ద అయిన రంగ్‌బాహ్ శ్నాంగ్‌ను, ఆయన ద్వారా నేల ఎవరిదో వారిని కలవండి. మగవారిని ‘బాహ్’ అని, ఆడవారిని ‘కాంగ్’ అని పిలుస్తారు. ‘ఖుబ్లెయ్’ అంటే నమస్కారమూ అవుతుంది, కృతజ్ఞతా అవుతుంది. ఏం చేయబోతున్నారో, ఎన్ని రోజులుంటారో, చివరికి ఊరికి ఏం ఇస్తారో ముందే చెప్పండి. గుహ నోరు ‘లా కిన్‌తాంగ్’లో, అంటే పవిత్ర వనంలో ఉంటే అక్కడి నుంచి ఆకు కూడా బయటికి తేకూడదనే కట్టుబాటు ఉంటుంది. చెట్టుకు తాడు కట్టవచ్చా అన్నదీ అడిగే తెలుసుకోవాలి. వద్దంటే వద్దనే.

పేరు మీరు పెట్టకండి. ఊరివాళ్లేమంటారో అదే పేరు. ఖాసీని రోమన్ లిపిలో రాస్తారు, అందులో రెండు చుక్కల ‘ఐ’ లాంటి ప్రత్యేక అక్షరాలున్నాయి. మీ చెవికి వినబడినట్టు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకుంటే పేరు చెడిపోతుంది. ఊరి బడి టీచరు చేత మీ నోట్సులో రాయించుకోండి. పేరు పక్కన ఊరి పేరు కూడా ఉండాలి. ‘లబిత్’ అంటే గబ్బిలం, ఆ పేరుతో మేఘాలయలో గుహలు చాలానే ఉన్నాయి.

ఇదివరకే ఎవరైనా కొలిచారేమో షిల్లాంగ్‌లోని మేఘాలయ అడ్వెంచరర్స్ అసోసియేషన్‌ను అడగండి. 1992 నుంచి విదేశీ జట్లతో కలిసి ఏటేటా గుహలు కొలుస్తూ వస్తున్నది వాళ్లే. సగం కొలిచి వదిలిన గుహ అయితే పాత స్టేషన్ల నుంచే మొదలుపెట్టవచ్చు.

3. గుహ నోటిని స్థిరపరచడం

గుహ పక్కన స్థిరమైన రాతి మీద, పదేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టగల చోట సున్నా స్టేషన్ పెట్టండి. అక్కడ జీపీఎస్‌ను 10-15 నిమిషాలు ఉంచి సగటు తీయండి. చెట్ల కింద సంకేతం సరిగా అందకపోతే తెరపిగా ఉన్నచోట పాయింటు తీసి, అక్కడి నుంచి సున్నా స్టేషన్ దాకా పైనుంచే కొలుచుకు రండి.

తెలుగువాళ్లు ఇక్కడ తరచూ చేసే పొరపాటు ఒకటుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా పంచి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) జోన్ 44లో ఉంటాయి. ఖాసీ కొండలు జోన్ 46 ఉత్తరంలో ఉన్నాయి. పాత ప్రాజెక్టు ఫైలునే వాడితే గుహ వెయ్యి కిలోమీటర్లకు పైనే పక్కకు పోతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కనబడుతుంది కాబట్టి పర్వాలేదు. కనబడని తప్పు ఎత్తులో ఉంది: కొన్ని పరికరాలు సముద్రమట్టం నుంచి ఎత్తు చూపిస్తే, కొన్ని భూమి ఆకారానికి లెక్కల్లో వాడే దీర్ఘవృత్తాభం (ఎలిప్సాయిడ్) నుంచి చూపిస్తాయి. రెండింటికీ ఇక్కడ పదుల మీటర్ల తేడా ఉంటుంది. ఏది రాశారో పక్కనే రాయండి.

4. రాయి వేసి లోతు తేల్చకండి

రాయి వేసి మూడు సెకన్లు లెక్కపెడితే, శబ్దం పైకి రావడానికి పట్టే సమయం తీసేశాక, సుమారు 41 మీటర్లు. 2.7 సెకన్లయితే 33. చేతి గడియారంలో 0.3 సెకను తప్పు ఎవరికైనా వస్తుంది, దానికే 8 మీటర్లు తేడా. పైగా రాయి మధ్య గట్టుకు తగిలితే అదే అడుగనుకుంటారు. గబ్బిలాలకు అది దెబ్బ. బరువు కట్టిన సన్న తాడు వదిలి చూడండి, అంచనా లోతుకు ఒకటిన్నర రెట్లు తాడు పట్టుకెళ్లండి. ముడులకు, రెండు ఆధారాలకు పంచి కట్టడానికి, రీబిలేల దగ్గర వదిలే వదులుకు అంతా పోతుంది.

5. పరికరాన్ని సరిచేయడం

డిస్టోఎక్స్‌కు కాలిబ్రేషన్ అంటే 14 దిశల్లో, ఒక్కో దిశలో పరికరాన్ని నాలుగు పక్కలకూ తిప్పుతూ, మొత్తం 56 రీడింగులు. గెస్ట్‌హౌస్ గదిలో చేయకండి, స్లాబులోని ఇనుము చాలు దాన్ని చెడగొట్టడానికి. జీపుకు దూరంగా, అడవిలో చేయండి. చివరికి యాప్ చూపే సగటు లోపం 0.5 కన్నా తక్కువ ఉండాలి. ఎక్కువుంటే మళ్లీ మొదటి నుంచి. పరికరం కిందపడినా, బ్యాటరీ మార్చినా మళ్లీ చేయాలి.

తర్వాత రెండు చెట్లకు గుర్తులు పెట్టి ముందుకూ వెనక్కూ కొలవండి. దిశలో తేడా సరిగ్గా 180కి ఒక డిగ్రీ లోపల, వాలు అంకె అంతే ఉండి ప్లస్-మైనస్ గుర్తు మాత్రం మారాలి. ఈ చిన్న పరీక్ష ప్రతి ఉదయం చేయండి, ఐదు నిమిషాల పని.

6. తాడు కట్టడం

మొదట నోటి అంచున ఉన్న వదులు రాళ్లు, మట్టి, కుళ్లిన కొమ్మలు తీసేయండి. కిందికి తోయకుండా వెనక్కి లాగి పెట్టండి. కనీసం రెండు వేర్వేరు ఆధారాలకు తాడు కట్టాలి. చెట్టైతే బతికి ఉన్నదీ, వేళ్లు రాతిలోకి పోయినదీ. ఈ అడవుల్లో సున్నపురాయి పైపొర మెత్తబడి ఉంటుంది. సుత్తితో తట్టితే గణగణమంటే గట్టి రాయి, డొల్ల శబ్దమొస్తే బోల్టు వద్దు. బోల్టు తప్పదనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీల్‌దే వేయండి. తాడు రాతికి రాసుకునే ప్రతి చోటా రీబిలేనో, పక్కకు లాగే డీవియేషనో పెట్టాలి. రాసుకునే చోట గుడ్డ చుట్టి సరిపెట్టుకోకండి.

విజిల్ సంకేతాలు పైనే ఒప్పుకోండి. ఒకటి ఆగు, రెండు పైకి, మూడు కిందికి. నీటి హోరులో అరుపు వినబడదు.

గాలి సంగతి. ఆకులు కుళ్లే, గాలి ఆడని మూసుకుపోయిన గోతుల్లో కార్బన్ డయాక్సైడ్ అడుగున చేరుతుంది. లైటరు వెలిగించి చూసే పద్ధతిని నమ్మకండి. మంట ఆరేది ఆక్సిజన్ తగ్గినప్పుడు, కార్బన్ డయాక్సైడ్ ప్రమాదకరంగా పెరిగినా మంట వెలుగుతూ ఉండొచ్చు. ముందు దిగేవారి ఛాతీ మీద మీటరు ఉండాలి. 1 శాతం దాటితే ఆగి పైకి. ఊరకే ఆయాసం, తలనొప్పి వచ్చినా అంతే, మీటరు ఏం చెబుతున్నా సరే. గబ్బిలాల పెంట ఉన్నచోట మాస్కు తీయవద్దు, పిల్లలతో ఉన్న గబ్బిలాల గుంపు కనిపిస్తే ఆ పక్కకే వెళ్లవద్దు.

7. కొలవడం

దిగుతూనే కొలవండి. ముందు అంతా చూసేసి తర్వాత కొలుద్దామనుకున్న గుహలు అలాగే మిగిలిపోతాయి. తాడు కట్టేవారు ఒక పిచ్ (తాడు మీద దిగే ఒక నిలువు భాగం) ముందుంటే చాలు.

స్టేషన్ల చోట్లు: పిచ్ తల దగ్గర, ప్రతి రీబిలే దగ్గర, అడుగున. అడుగు స్టేషన్ రాళ్లు పడే చోట పెట్టకండి, పక్క గోడ నీడకు జరగండి. స్టేషన్‌ను రాతి మొన మీద పెన్సిల్ చుక్కతోనో నెయిల్ పాలిష్‌తోనో గుర్తించండి, అందరికీ కనబడేలా పెయింటు వద్దు. కిందున్నవారు తెల్ల అట్ట పట్టుకుంటే లేజర్ చుక్క తెలుస్తుంది. నీటి తుంపర ఉంటే లేజర్ తుంపరనే కొలుస్తుంది, అంకెలు గంతులేస్తాయి. మూడు రీడింగులు ఒకదానికొకటి సరిపోలితేనే దాన్ని రెండు స్టేషన్ల మధ్య కొలతగా, అంటే లెగ్‌గా తీసుకోండి.

హెల్మెట్ లైటు, కారబినర్, డిసెండర్, డ్రిల్లు, వీటన్నిటి నుంచి పరికరం కనీసం అర మీటరు దూరంగా ఉండాలి. తాడు మీద వేలాడుతున్నప్పుడు ఛాతీ నిండా ఇనుమే. చేయి చాచి పట్టండి.

నిలువు గుహలో లెక్క ఎక్కడ చెడుతుందో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఒక లెగ్ 21.46 మీటర్లు, వాలు మైనస్ 84 డిగ్రీలు అనుకుందాం. నిలువు దిగుడు 21.34 మీటర్లు, అడ్డంగా జరిగింది 2.24. వాలులో ఒక డిగ్రీ తప్పు పడితే లోతు 4 సెంటీమీటర్లే మారుతుంది, అడ్డపు జరుగుడు మాత్రం 37 సెంటీమీటర్లు మారుతుంది. అంటే లోతు సులువుగా సరిగా వస్తుంది, గుహ ఏ పక్కకు పోతోందన్నదే తప్పిపోతుంది. ఇంత నిటారు లెగ్‌లో పరికరం కొద్దిగా వణికినా దిశ పది డిగ్రీలు మారిపోతుంది. అందుకే పిచ్ అడుగున దిశను ఆ ఒక్క లెగ్‌తో వదిలేయక, బరువు కట్టిన తాడు వదిలి, అది తాకిన చోటి నుంచి అడుగు స్టేషన్‌కు అడ్డంగా మరో లెగ్ తీయండి. రెండూ సరిపోలాలి. సూంటో దిక్సూచి వాడేవాళ్లకు వేరే దారే లేదు, నిటారు చూపులో దాని సూది స్వేచ్ఛగా తిరగదు.

ప్రతి స్టేషన్ నుంచి గోడలకు, కప్పుకు, నేలకు స్ప్లే కొలతలు తీయండి. పిచ్ మధ్యలో వేలాడుతూ చుట్టూ ఆరేడు తీస్తే ఆ ఎత్తులో అడ్డకోత ఆకారం వచ్చేస్తుంది.

8. బొమ్మ గీయడం

అంకెలు పరికరం తీస్తుంది, గుహను మాత్రం గీసేవారే తేవాలి. నిలువు గుహకు ముందు సాగదీసిన (మలుపులు విప్పి పరిచినట్టున్న) పక్క చూపు గీయండి, తర్వాత పైనుంచి చూసిన చూపు, ప్రతి పిచ్‌కీ కనీసం ఒక అడ్డకోత. 1:200 స్కేలు సరిపోతుంది. అంతర్జాతీయ గుహాశాస్త్ర సమాఖ్య గుర్తులే వాడండి. లోపలే గీయాలి, బయటికొచ్చి జ్ఞాపకంతో గీసింది మీ గుహ కాదు.

చూడని దారి కనబడితే అక్కడ ప్రశ్నార్థకం పెట్టి, ఎందుకు ఆగారో రాయండి: ఇరుకా, నీళ్లా, తాడు చాల్లేదా, టైము చాల్లేదా, గాలి వీస్తోందా. వట్టి ప్రశ్నార్థకం తర్వాతి జట్టుకు ఏమీ చెప్పదు. రాయి ఏమిటో కూడా రాయండి, అంతా సున్నపురాయే అనుకోవద్దు. మౌసిన్‌రామ్ ప్రాంతంలోని 24.5 కిలోమీటర్ల క్రెమ్ పూరి ఇసుకరాతి గుహ.

నీటిలో చేపలు, గోడ మీద పురుగులు కనిపిస్తే ఫొటో తీసి స్టేషన్ నంబరు రాయండి, పట్టకండి. జయంతియా కొండల గుహల్లో దొరికిన పెద్ద గుహచేపకు 2023లో నియోలిసోకైలస్ ప్నార్ అని పేరు పెట్టారు. అక్కడి ప్నార్ ప్రజల పేరే అది.

9. సరిచూసుకోవడం

ఆ రాత్రే అంకెలు ఎక్కించండి. గుహ సర్వేకు వాడే సాఫ్ట్‌వేర్లు సర్వెక్స్ గానీ థెరియాన్ గానీ. త్రీడీ బొమ్మ తిప్పి చూస్తే మొరటు తప్పులు బయటపడతాయి:

- గుహ పైకి ఎగిరిందా? వాలు ముందు మైనస్ మరిచారు.
- ఒక భాగం మొత్తం వెనక్కి తిరిగిందా? ‘నుంచి’, ‘వరకు’ స్టేషన్లు తారుమారయ్యాయి.
- ప్రతి లెగ్‌లోనూ 12 సెంటీమీటర్ల తేడానా? డిస్టో ముందు అంచు నుంచి కొలిచేలా సెట్టింగు మారింది, పరికరం పొడవే అంత.
- పిచ్ లోతు, వాడిన తాడు పొడవు, బరువుతాడు కొలత మూడూ పొసగాలి. పొసగకపోతే తాడు ఇంకా వేలాడుతుండగానే మర్నాడు మళ్లీ దిగి కొలవండి.

రెండు దారులు ఒకేచోట కలిసే లూప్ ఉంటే అదృష్టం. మూసినప్పుడు వచ్చే తేడా లూప్ పొడవులో 1 శాతం లోపల ఉండాలి, 2 దాటితే తప్పు ఎక్కడో వెతకండి. సాఫ్ట్‌వేర్ చేత తేడాను పంచేయించి ఊరుకోవద్దు. మంచి పరికరంతో జాగ్రత్తగా చేస్తే బ్రిటిష్ పద్ధతిలో గ్రేడు 5 రాయవచ్చు: కోణాల్లో ఒక డిగ్రీ, దూరం దగ్గరి సెంటీమీటరు దాకా, స్టేషన్ స్థానంలో 10 సెంటీమీటర్ల లోపు. కాలిబ్రేషన్ చేయకపోతే ఆ అంకె రాయకండి.

పొడవు చెప్పేటప్పుడు స్ప్లేలు కలపకూడదు, బయట కొలిచిన లెగ్‌లూ కలపకూడదు. గుహ మొత్తం లోతు అన్నిటికన్నా పైనున్న నోటి నుంచి కొలిచిన అట్టడుగు దాకా. ఒక్క నూతి లోతు చెప్పేటప్పుడు మాత్రం వాలు మీదున్న నోటికి కింది అంచు నుంచి లెక్కపెట్టాలి. పై అంచు నుంచి చెబితే ఉన్నదానికన్నా ఐదారు మీటర్లు పెరిగిపోవచ్చు. ఏ అంచు నుంచి కొలిచారో మ్యాపు మీదే రాయండి.

10. ఎవరికి ఇవ్వాలి

మూల అంకెలు, లోపల గీసిన కాగితాల స్కాన్లు, చివరి మ్యాపు, కాలిబ్రేషన్ ఫైలు, తాడు వివరం, అన్నీ ఒకే ఫోల్డర్లో. తాడు వివరం అంటే ఏ పిచ్‌కు ఎంత పొడవు, ఏ ఆధారం, ఎన్ని రీబిలేలు. చివరి మ్యాపు ఒక్కటే ఇస్తే తప్పు దొరికినా దిద్దే వీలుండదు. ఒక ప్రతి షిల్లాంగ్‌లోని సంఘానికి పంపండి. ఖచ్చితమైన జీపీఎస్ అంకెలు సోషల్ మీడియాలో పెట్టకండి, సాధన లేనివాళ్లు అలాంటి పాయింటు పట్టుకునే వస్తారు.

మరో ప్రతి దొర్బార్ శ్నాంగ్‌కు, అంటే ఊరి సభకు. ఏ3 కాగితం మీద అచ్చు వేయించి, లామినేట్ చేయించి ఇవ్వండి. సొహ్రా వాన గాలికి మామూలు కాగితం ఒక్క వర్షాకాలంలోనే బూజు పడుతుంది. పైన గుహ పేరు బడి టీచరు రాసిచ్చిన అక్షరాల్లోనే ఉండాలి.